కడీల కింద సప్పుడు

మొన్న ఆదివారం మా గేటెడ్ కమ్యూనిటీ సెల్లారులో ఓ వీధికుక్క పిల్లను పెట్టింది. బౌరంపేటలో మేముండే ఈ బ్లాకు సెల్లారు మూడు వందల కార్లు పట్టేంత పెద్దది. నేను కూరగాయల సంచీతో లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి సెక్యూరిటీ అతను ఎదురొచ్చి, "ఒకటే పిల్ల మేడం. తల్లిని, పిల్లని గేటు పక్క రూములోకి మార్చినం," అన్నాడు.

"ఒకటేనా? మంచిగ సూసినవా?"

"సూసిన మేడం."

నేను సంచీ అక్కడే గోడకు ఆనించి, ఫోను లైటు వేసుకుని కుక్క పడుకున్న మూలకు వెళ్లాను. జనరేటరు వెనక, నీళ్ల పైపుల సందుల్లో, ఎవరో పారేసిన పరుపుల కింద వెతికాను. మోకాళ్ల మీద కూర్చుని, చెవి నేలకు ఆనించి విన్నాను కూడా. ఎదురు ఫ్లాటు ఆవిడ కారు దిగి నన్ను చూసి కంగారుపడింది. వాళ్లది తెనాలి వైపు.

"ఏవండీ, ఏం పడిపోయిందండీ? చెవి దిద్దా?"

"కాదండీ. ఇంకో కుక్కపిల్ల ఉందేమోనని."

"వాళ్లు చూశామన్నారుగా?"

"చూసే ఉంటారు లెండి," అన్నాను గాని లేవలేదు. అరగంట వెతికాను. ఇంకో పిల్ల లేదు. పైకి వచ్చి చేతులు కడుక్కుంటుంటే ఏడుపు ఆగలేదు. నలభై దాటిన మనిషిని, కుళాయి తిప్పి వదిలేసి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఇంట్లో వాళ్లకు కారణం చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను.

మాది మేడ్చల్‌కు, శామీర్‌పేటకు నడుమ ఓ ఊరు. అప్పట్లో ఆ చుట్టుపక్కల ఎటు చూసినా ద్రాక్ష తోటలే. మాకూ ఆరెకరాల తోట ఉండేది, మా తాత పెట్టింది. రాతి కడీలు వరసలుగా పాతి, వాటి మీద ఇనుప తీగలు లాగి, ఆ తీగల మీదికి ద్రాక్షను పాకించేవాళ్లు. కడీలంటే మనిషి కంటే ఎత్తుండే రాతి స్తంభాలు. ఎండాకాలంలో కూడా ఆ పందిరి కింద నేల చల్లగా, చెమ్మగా ఉండేది. మైలుతుత్తం, సున్నం కలిపి మందు కొట్టిన రోజున తోటంతా ఓ ఘాటు వాసన. నాయిన చొక్కాలన్నీ నీలిరంగు మరకలే. అమ్మ ఎంత ఉతికినా పోయేవి కావు. పెళ్లిళ్లకు వెళ్లినా నాయిన గోళ్ల సందుల్లో ఆ నీలం కనిపించేది.

తోట నాయిన పేరు మీద ఉండేది గాని, దాన్ని పెంచింది మాత్రం ఒక ముసలాయన. నేను పుట్టక ముందు నుంచే మా దగ్గర ఉండేవాడు. మోటరు గదిలోనే వంట, పడక. నేను తాతా అని పిలిచేదాన్ని. మా సొంత తాతను నేను చూడలేదు, నాకు తాతంటే ఆయనే. ఏ కొమ్మ కోయాలో, ఏది ఉంచాలో నాయిన ఆయన్ను అడిగే చేసేవాడు. కాయ మీది తెల్లటి పొడిని బొటనవేలితో తుడిచి చూసి, "ఇంక నాలుగు దినాలు," అనేవాడు. సరిగ్గా నాలుగు రోజులకు కాయ తీపెక్కేది. కోతంతా అయిపోయాక ఆకుల మాటున నా కోసం ఒక గుత్తిని దాచి పెట్టేవాడు. నేను గౌను ఒడిలో వేసుకుని, ఇంటికి చేరేలోగా తినేసి, గింజలు దారి పొడవునా ఉమ్ముకుంటూ వచ్చేదాన్ని.

తోటలో ఒక ఎర్ర కుక్క ఉండేది. దానికి పేరు లేదు, 'ఎర్రది' అనేవాళ్లం. తాత రొట్టె తింటే సగం దానికి. గువ్వలను తరమడం, తోట చుట్టూ తిరగడం, తాత కాళ్ల దగ్గర పడుకోవడం. దాని బతుకంతా ఆ ఆరెకరాలే.

ఆ తర్వాత బోర్లు ఎండిపోయాయి. ఒకటి పోతే రెండోది వేశారు, అదీ పోయింది. ఓ ఏడాది ట్యాంకర్లతో నీళ్లు పోశారు. ఆకులు అంచుల దగ్గర కాలినట్టు మాడిపోయాయి. పక్క తోటల వాళ్లు ఒక్కొక్కరే అమ్ముకోగా, పందిళ్లు ఉన్నచోట తెల్ల రంగు పూసిన హద్దురాళ్లు లేచాయి. తెల్ల బట్టల మనుషులు కార్లేసుకుని మా ఇంటికీ రావడం మొదలైంది. అమ్మ చాయ్ పోసి పోసి విసిగిపోయేది. చివరికి ఓ ఎండాకాలం, బడికి సెలవులిచ్చిన కొత్తలో, నాయిన అన్నం తింటూ తల ఎత్తకుండానే, "ఇచ్చేసిన," అన్నాడు. అవ్వ, అంటే నాయిన తల్లి, చేతిలోని మజ్జిగ గిన్నె కింద పెట్టింది.

తోట ఖాళీ చేసి ఇవ్వాలని మాట. తీగలు నరికారు, కడీలు పీకారు. మోటరు గది పక్కన, పాత నీళ్ల కాలువ మీద, వాటిని ఓ పెద్ద కుప్పగా పేర్చారు. ట్రాక్టర్లు వచ్చి ఎత్తుకుపోతే, ఆ వెనకే డోజరు వచ్చి నేల చదును చేస్తుందన్నారు. కూలీలు పని ముగించుకుని వెళ్లిపోయారు. మిగిలింది తాత, ఎర్రది. తోట పోయాక తాత ఎక్కడికి పోతాడన్నది మా ఇంట్లో ఎవరూ ఎత్తని మాట. నాయిన దగ్గర ఆ ప్రస్తావన వస్తే లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

అప్పుడు ఓ పొద్దున తాత ఇంటికి వచ్చి, "పటేలా, ఎర్రది పిల్ల వెట్టింది. కడీల కుప్పల ఉన్నది," అన్నాడు.

నాయిన చాలా రోజులకు నవ్వాడు. "ఇప్పుడా? దానికి గిదే టైము దొర్కిందా?"

"ఎల్లుండి ట్రాక్టర్లొస్తయంటిరి. ఆడ ఉంటె ఆగమైతయి."

"ఇంటికి దెద్దాం. ఎడ్ల కొట్టం ఖాళీగనే ఉన్నది గదా."

అవ్వ లోపలి నుంచి, "కుక్కను ఇంట్ల వెట్టుకుంటవారా?" అంది.

"ఇంట్ల గాదే, కొట్టంల."

"ఎన్ని పిల్లలు?"

"ఒక్కటే కనవడుతాంది అవ్వా," అన్నాడు తాత.

"ఒక్కదానికైతె సరే," అంది అవ్వ.

నాయిన నన్ను స్కూటరు మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. ఎర్రది మమ్మల్ని చూసి కుప్ప లోంచి వచ్చింది. పొట్ట వేలాడుతోంది, తోక కాళ్ల సందున పెట్టుకుంది. నాయిన నేల మీద బోర్లా పడుకుని, చెయ్యి భుజం దాకా సందులోకి పెట్టి తడిమాడు. ఓ పిల్లను తీశాడు. అది నా అరచేతికి కొంచెం ఎక్కువ. కళ్లు మూసుకుని ఉంది, ముక్కు గులాబీ రంగులో ఉంది. మళ్లీ చెయ్యి పెట్టి తడిమాడు. "ఇంకేం తాకుతలేదు," అన్నాడు. ద్రాక్ష కోసే గంపలో గోనెపట్టా పరిచి పిల్లను పెట్టి, గంపను నా ఒళ్లో ఉంచాడు. స్కూటరు మెల్లగా నడిపాడు. ఎర్రది వెంట పరిగెత్తుకుంటూ వచ్చింది. నడుమ నడుమ ఆగి వెనక్కి చూసేది, మళ్లీ పరిగెత్తేది. తోట మీది పాణం అనుకున్నాం.

కుక్క ఇంటికి వచ్చాక అవ్వ మాట మార్చేసింది. కొట్టం ఊడ్చి, మూలన వరిగడ్డి వేసి, దాని మీద గోనెసంచీలు పరిచింది. నేను చెంబులో నీళ్లు తెస్తే కసిరింది. "బాలింతకు సల్ల నీళ్లు వోస్తరానే? ఎచ్చ వెట్టుకరా." జొన్నరవ్వ ఉడికించి గటక చేసి, అందులో బెల్లం, కాసిన్ని పాలు కలిపి మట్టి మూకుట్లో పోసింది. సాయంత్రం నిప్పుల మీద ఊదు వేసి కొట్టమంతా పొగ పట్టింది. అమ్మ నవ్వుతూ, "నేను కన్నప్పుడు గూడ గింత సేవ జెయ్యలే అత్తమ్మా," అంటే, "నీకు మీ అమ్మ జేసింది. దీనికెవ్వలున్నరు?" అంది అవ్వ.

ఎర్రది గటక ఒక్క గుటకలో మింగేసి, పిల్లకు పాలిచ్చి, మేం చూస్తుండగానే లేచి గేటు దాటి పోయింది. పొద్దుగూకే ముందు తిరిగి వచ్చింది. మళ్లీ పాలిచ్చి మళ్లీ పోయింది. కాళ్ల గోళ్లు అరిగి నెత్తురు కారుతున్నాయి. "ఉరికి ఉరికి అట్లయింది," అంది అమ్మ. "కొత్త జాగ. రెండు దినాలు కట్టేస్తె అలవాటైతది," అన్నాడు నాయిన.

మర్నాడు పొద్దున నాయిన రిజిస్ట్రేషను కోసం మేడ్చల్ వెళ్లాడు. ఎర్రది కొట్టంలో లేదు. పిల్ల ఆకలికి కీచుమంటోంది. అమ్మ నా చేతికి ఓ తాడు ఇచ్చి, "తోటకు వోయి దాన్ని గుంజుకరా," అంది.

నేను వెళ్లేసరికి ఎర్రది కుప్ప దగ్గర రాళ్ల కింద మట్టిని రెండు కాళ్లతో తోడుతోంది. తాత పక్కనే కూర్చుని, ఓ కడీకి చెవి ఆనించి ఉన్నాడు. ఆయన ఎడమ చేతి వేలికి గుడ్డ చుట్టి ఉంది, గుడ్డ మీద నెత్తురు. గడ్డపార పక్కన పడి ఉంది.

"సప్పుడు సెయ్యకు బిడ్డ. ఇటు రా. గీడ చెవి వెట్టు."

పెట్టాను. రాయి అప్పటికే వేడెక్కింది. మొదట ఏమీ వినపడలేదు. తర్వాత, చాలా లోతు నుంచి, కోడిపిల్ల అరుపు కన్నా సన్నగా ఒక మూలుగు.

"ఇన్నవా?"

"ఇన్న తాతా."

"ఇంకోటున్నది. సందుల నుంచి జారి కాల్వల వడ్డది. దీనికి అందుతలేదు, నాకు అందుతలేదు. పొద్దుగాల సంది గడ్డపార వెట్టి తిప్పలవడ్డ, నా ఒక్కనితోని కడీ లేస్తలేదు. నేను ఈడికెల్లి కదల, తవ్వుకుంటనే ఉంట. మీ నాయిన రాంగనే జెప్పు. ఇద్దరు పడుచోల్లను తోలుకొని జల్దీ రమ్మన్నడని జెప్పు. మర్శిపోవు గదా?"

"మర్శిపోను."

"ఎర్రదాన్ని తోలుకపో. ఈడనే ఉంటె గోర్లు ఊడేదాక తవ్వుతది. అక్కడిదన్న పాలు తాగాలె గదా."

ఎర్రది రానంటే రానని నాలుగు కాళ్లూ నేలకు తన్నిపెట్టింది. నేను తాడు పట్టి ఈడ్చాను, తాత వెనక నుంచి నెట్టాడు. దారంతా అది వెనక్కి తిరిగి ఏడ్చింది. ఇంటికి తెచ్చి కొట్టం గుంజకు కట్టాను. ముడి నేనే వేశాను. గట్టిగా వేశాను.

నాయిన ఇంకా రాలేదు. నేను గేటు దగ్గరే ఎదురుచూడాల్సింది. అవ్వకో, అమ్మకో చెప్పాల్సింది. తాత నాయినకు చెప్పమన్నాడు, అది నాయినకు చెప్పాల్సిన మాట అని మాత్రమే నా బుర్రకు తోచింది. ఈలోగా పాలు తాగిన పిల్ల నా ఒళ్లో నిద్రపోయింది. పక్కింటి పిల్లలు చూడటానికి వచ్చారు. ఒక్కొక్కరికి పది లెక్కపెట్టేదాకా పట్టుకోనిచ్చాను. అమ్మ చూడకుండా ఉట్టి మీది పాల గిన్నెలోంచి మీగడ తీసి దాని మూతికి పూశాను. కళ్లు తెరుచుకుంటాయని రెప్పల మీద ఊదాను. అవ్వ కాటుక తెచ్చి దాని నుదుట దిష్టిచుక్క పెట్టింది, నల్లచుక్క నల్ల వెంట్రుకల్లో కలిసిపోయిందని అందరం నవ్వాం. ఎండ దిగేదాకా కొట్టంలోనే ఉన్నాను. నా బతుకులో అంత సంతోషంగా గడిచిన మధ్యాహ్నాలు ఎక్కువ లేవు. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, కాని నిజం.

ఎర్రది మాత్రం గటక ముట్టలేదు. తాడు చివర దాకా వెళ్లి, తోట వైపు తిరిగి నిలబడే ఉంది.

నాయిన పొద్దుగూకాక వచ్చాడు. కొనుక్కున్నవాళ్లు ఇచ్చిన మిఠాయి డబ్బా చేతిలో ఉంది. దాన్ని అరుగు మీద పెట్టి, చొక్కా కూడా విప్పకుండా మంచం మీద పడుకున్నాడు. ఎవరూ ఆ డబ్బా తెరవలేదు. అమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఇయ్యాల నాయినను ఏం అడుగకు, ఏం జెప్పకు," అంది.

అప్పుడు గుర్తొచ్చింది.

మంచం దగ్గరికి వెళ్లాను. నాయిన మోచెయ్యి కళ్ల మీద అడ్డం పెట్టుకుని ఉన్నాడు. ఛాతీ ఎగిసిపడుతోంది. నాయిన ఏడుస్తాడని అప్పటిదాకా నాకు తెలియదు. నేను నిలబడ్డ సంగతి తెలిసి, చెయ్యి తీయకుండానే అడిగాడు.

"ఏంది బిడ్డ?"

నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏం లేదు నాయినా," అన్నాను.

పొద్దున చెబుదామనుకున్నాను. పదేళ్ల పిల్లకు పొద్దున అనేది ఎంతో దగ్గర. రాళ్ల కింద ఉన్న పిల్లకు అది ఎంత దూరమో తట్టలేదు.

తెల్లవారి అమ్మ కేకకు లేచాను. కొట్టంలో కొరికేసిన తాడు ముక్క వేలాడుతోంది. బయటికి వెళ్లేసరికి ఎర్రది గేటులోంచి వస్తోంది. నోట్లో ఏదో పట్టుకుని ఉంది. పరిగెత్తడం లేదు, జాగ్రత్తగా నడుస్తోంది. మా అందరి నడుమ నుంచి, ఎవరినీ చూడకుండా కొట్టంలోకి వెళ్లి, నోట్లోని దాన్ని నిద్రపోతున్న పిల్ల పక్కన మెల్లగా పెట్టింది. అది ఇంకో పిల్ల. ఒంటినిండా మట్టి. ఎర్రది దాన్ని నాకడం మొదలుపెట్టింది. మూతి, పొట్ట, కాళ్లు, మళ్లీ మూతి. మట్టంతా పోయి వెంట్రుకలు తడిసి మెరిశాయి. అది కదల్లేదు. ఎర్రది దాన్ని ముక్కుతో తన పొట్ట దగ్గరికి నెట్టుకుని, పాలు తాగుతుందేమోనని పక్కకు ఒరిగి పడుకుంది. బతికున్నది ఒక్కటే చప్పుడు చేస్తూ తాగింది.

"అయ్యో తల్లీ," అంది అవ్వ.

కొంతసేపటికి తాత వచ్చాడు. దారంతా వేగంగా నడిచినట్టున్నాడు, ఎగపోస్తున్నాడు. తెల్లవారుజామునే ట్రాక్టరు మనుషులు వచ్చి కడీలు ఎత్తారట. ఎత్తేసరికి ఎర్రది వాళ్ల కాళ్ల నడుమ నుంచి దూరి పిల్లను అందుకుందట. తాత కొట్టం గడప దగ్గర నిలబడి లోపలికి చూసి, తల మీది తువ్వాల తీసేశాడు.

నాయిన మొహం ఎర్రబడింది. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు.

"కడీలు వేర్పించింది నువ్వే. ఆడ కావలున్నది నువ్వే. కింద ఇంకో పిల్లున్నది నీకెర్క లేదా?"

తాత నాయిన వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను తలుపు వెనక ఉన్నాను, రెక్క పట్టుకుని. మా చూపులు కలిశాయి. అంత సేపు నన్ను ఇంకెవరూ చూడలేదనిపిస్తుంది.

"ఎర్క లే పటేలా," అన్నాడు. "నాకు ఇనరాలే. చెవులు మందగించినయి."

"చెవులు ఇనవడనోనివి ఏం కావలుంటవ్? ఇరవై ఏండ్లు తిని కూసున్నది సాలు. పో. ఇగ నా కండ్ల వడకు."

"ఏం మాటరా అది!" అంది అవ్వ. నాయిన అప్పటికే లోపలికి వెళ్లిపోయాడు.

తాత మొలకు కట్టుకున్న మోటరు గది తాళంచెవి విప్పి అరుగు మీద, మిఠాయి డబ్బా పక్కన పెట్టాడు. అవ్వకు దండం పెట్టాడు. నా వైపు మళ్లీ చూడలేదు. చూస్తే నేను ఏడుస్తానని, ఏడిస్తే బయటపడతానని చూడలేదేమో. గుడ్డ చుట్టిన వేలిని ఇంకో చేత్తో పట్టుకుని, గేటు దాటి వెళ్లిపోయాడు. నాలుగు అడుగులు పరిగెత్తి ఒక్క మాట అంటే సరిపోయేది. తలుపు రెక్క వదల్లేకపోయాను.

అమ్మ చచ్చిపోయిన పిల్లను తీయబోతే ఎర్రది గుర్రుమంది. అవ్వను ఏమీ అనలేదు. అవ్వ దాని తల నిమురుతూ చాలాసేపు కూర్చుంది. ఏమేమో చెప్పింది. తర్వాత పిల్లను తన పాత చీర ముక్కలో చుట్టి, పెరట్లో తనే గుంత తీసి పూడ్చింది. నన్ను పిలిచింది గాని నేను వెళ్లలేదు.

ఎర్రది మళ్లీ తోటకు పోలేదు. ఆరేండ్లు మా ఇంట్లోనే బతికింది. మంచిదే, ఎవరినీ కరవలేదు. కాని నీళ్లు చేదడానికి అమ్మ తాడు చేతిలోకి తీసుకున్నా సరే, పొట్ట నేలకు ఆనించి, కళ్లు మూసుకుని వణికేది. అమ్మ, "దీనికేం బుగులు వట్టిందో," అనేది. నేను అక్కణ్నుంచి లేచి వెళ్లేదాన్ని. బతికిన పిల్ల పెద్దదై, తల్లి కన్నా ఎత్తు పెరిగి, నాతో పాటు బడి బస్సు దాకా వచ్చేది. అందరూ నాకు కుక్కలంటే ఎంత ప్రేమో అనుకునేవాళ్లు.

తోట ఉన్నచోట ఇళ్లు లేచాయి. నాయిన కూడా ప్లాట్ల పనిలోకి దిగాడు. గోళ్లలోని నీలం ఎప్పుడు పోయిందో గమనించలేదు.

ఆ తర్వాత తాతను ఒక్కసారే చూశాను. కాలేజీ రోజుల్లో స్నేహితురాలితో తుర్కపల్లి వైపు వెళ్లాను. అక్కడ ఓ మందుల కంపెనీ గేటు లోపల, యూనిఫారం చొక్కా తొడుక్కుని, రబ్బరు పైపుతో గడ్డికి నీళ్లు పెడుతూ కనిపించాడు. పూర్తిగా ముసలివాడైపోయాడు. గేటు చువ్వల వెనక నుంచి, మెల్లగా "తాతా" అన్నాను. వెంటనే తిరిగాడు. చెవులు బాగానే వినిపిస్తున్నాయి.

పైపు కింద పడేసి వచ్చాడు. "పెద్దగైనవ్ బిడ్డ," అన్నాడు. చువ్వను పట్టుకున్న ఎడమ చేతి వేలు వంకరగా అతుక్కుని ఉంది. అవ్వ ఎట్లుంది, అమ్మ ఎట్లుంది, నాయిన మంచిగున్నడా అని అడిగాడు. అవ్వ పోయిందని చెబితే కళ్లు తుడుచుకున్నాడు. ఎర్రదాన్ని అడిగాడు. దాని పిల్లను అడిగాడు.

"తాతా, ఆ దినం నువ్వు జెప్పమన్న మాట నేను నాయినకు జెప్పలే," అన్నాను.

"ఏ మాట బిడ్డ?"

"కడీల కింద..."

"నాకేం యాదికి లేదు," అన్నాడు. "ముసలోన్ని. ఎన్నని యాదుంచుకుంట? ఎండల నిలవడకు. మంచిగ సదువుకో." పైపు తీసుకుని వెళ్లిపోయాడు. గేటు బయట నేను ఎంతసేపు నిలబడ్డా ఇటు తిరగలేదు.

ఇంకొన్నేళ్లకు ఆయన పోయాడని కబురొచ్చింది. అప్పటికి నాకు పెళ్లయింది. నాయిన నాకు ఫోను చేసి, "పోదాం వస్తవా?" అన్నాడు. శామీర్‌పేట అవతల ఆయన ఊరికి కారులో వెళ్లాం, నేనే నడిపాను. దహనం ముందు రోజే అయిపోయింది. ఆయన కూతురు మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. "మీ తోట ముచ్చట్లే జెప్తుండె," అంది. చెడుగా ఒక్క మాట అనలేదట.

తిరిగి వస్తూ మా ఊరి దగ్గర నాయిన కారు పక్కకు ఆపమన్నాడు. అన్నీ మూడంతస్తుల ఇళ్లు. మోటరు గది ఎక్కడుండేదో ఇద్దరమూ పోల్చుకోలేకపోయాం. అక్కడ, కారులోనే, పన్నెండేళ్ల తర్వాత నాయినకు చెప్పాను. తాత చెప్పమన్నది, నేను విన్న మూలుగు, మంచం దగ్గరికి వచ్చి 'ఏం లేదు' అన్నది, అంతా.

నాయిన ఆశ్చర్యపోలేదు.

"నాకు ఆ దినమే తెలుసు బిడ్డ."

"ఎట్ల?"

"తలుపెన్క నీ మొఖం సూసిన. ఆయన నీ దిక్కు సూసుడు సూసిన. ఇంక జెప్పాల్నా?"

"మరి ఆయన్నెందుకు తిట్టినవ్ నాయినా?"

నాయిన కిటికీ అద్దం దించాడు.

"తోట అమ్మినంక ఆయన్ను ఏడికన్న వొమ్మనాలె గదా. ఏ నోరుతోని జెప్పాలె? నెల దినాలు మొఖం సాటేసుకొని తిరిగిన. ఆ పొద్దు కోపమొచ్చింది. కోపంల అయితె నోరొచ్చింది. ఆ పని గట్ల అయిపోగొట్టుకున్న. ఆయనకు గూడ తెలుసు, నేను గందుకే అన్ననని. తెలిసే వోయిండు. ఒక్క మాట అనకుండ వోయిండు."

ఇన్నేళ్లూ ఆ తప్పు నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. నా పక్క గదిలోనే, అదే రోజు నుంచి, నాయినా మోస్తున్నాడు. ఒకరికొకరం చెప్పుకుని ఉంటే, శామీర్‌పేట ఏమంత దూరం? అరగంట. ఆయన బతికుండగా ఓ సాయంత్రం వెళ్లి, ఆ కూతురు ఇచ్చే చాయ్ తాగి, తల వంచుకుని కూర్చుంటే సరిపోయేది. ఆయన ఏం యాదికి లేదనే అనేవాడు. అయినా వెళ్లాల్సింది.

నాయిన కారు దిగబోయి, మళ్లీ కూర్చున్నాడు.

"సచ్చిపోయిన ఆ పిల్ల ఆడదా, మగదా బిడ్డ?" అని అడిగాడు.

"నేను సూడలే నాయినా," అన్నాను.

అవ్వ చూసి ఉంటుంది. తాత చూసి ఉంటాడు. ఇప్పుడు అడగడానికి ఇద్దరిలో ఎవరూ లేరు.